కాయలు లేచి నిలబడే మలుపు

గోదారి సముద్రంలో కలిసే చోట మూగపాయ అనే మడ అడవి ఉండేది. బురదలో వేర్లు, ఉప్పునీళ్లలో చెట్లు, ఆ చెట్ల మధ్య పాములా మెలికలు తిరిగే ఒక పాయ. ఆ అడవిలో ఎలుకలు, ముంగిసలు, ఒక ఉడుము, ఒక బావురుపిల్లి, బొద్దయ్య అనే అడవిపంది, దొంతయ్య అనే నక్క ఉండేవి. ఒడ్డున బొరియలో చెంగలి అనే నీటికుక్క తన ఇద్దరు పిల్లలతో ఉండేది. పిల్లాడి పేరు నలుసు, పిల్ల పేరు చిటికి.

పేరుకు తగ్గట్టే ఆ అడవి మూగది. అక్కడ పిట్ట వాలితే కూయదు. కెరటం వస్తే చప్పుడు చెయ్యదు. ఆకుల మీద తెల్లగా పేరుకున్న ఉప్పు ఎండకు చిటుక్కుమని రాలేది. దూరంగా సముద్రం హోరు తప్పిస్తే వినపడే చప్పుడు అదొక్కటే.

ఎండాకాలం వచ్చిందంటే పాయలో నీళ్లు ఇగిరిపోయి మరీ ఉప్పెక్కేవి. నాలుక ఆనిస్తే మండేది. అప్పుడు జంతువులన్నీ తెప్ప ఎక్కి, పాయ వెంట పైకి, గోదారి మంచినీళ్లు తగిలే తియ్యదిబ్బకు వెళ్లేవి. కరువు తీరా తాగి, కొన్నాళ్లుండి తిరిగొచ్చేవి. తెప్ప నడిపించేవాణ్ణి సరంగు అనేవాళ్లు. ఆ అడవికి సరంగు దొంతయ్యే.

దొంతయ్య కూర్చోవడానికి తెప్ప నడిమధ్యన ఒక దుంగ ఉండేది. ఎప్పుడో ఒక విరిగిన పడవ ఒడ్డుకు కొట్టుకొస్తే, దాని పొట్టలో దొరికింది. ముదురెరుపు రంగు. చెద పట్టదు. పంది కోర దిగదు. దాన్ని తెప్పెక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.

"చూశారా, ఇదీ కర్రంటే!" అనేవాడు దొంతయ్య, దాని మీద కాలు మీద కాలేసుకుని. "మీ తెప్ప దుంగలన్నీ బెండు ముక్కలు. రేపేదైనా జరిగితే మునగకుండా మిగిలేది ఇదొక్కటే."

తియ్యదిబ్బకు పోయే దారిలో ఒక మలుపుంది. దాన్ని గుటక మలుపు అనేవాళ్లు. ఆ పేరు ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు.

ఎందుకంటే అక్కడ నీళ్లలోంచి వేళ్లు లేచేవి. సన్నగా, పొడుగ్గా, పచ్చగా, నిట్టనిలువుగా. నీళ్ల కింద ఎవరో వెల్లకిలా పడుకుని చేతులు పైకి చాపినట్టుండేవి. ఒకటి కాదు, రెండు కాదు, మలుపు నిండా అవే. గాలి లేకపోయినా మెల్లగా ఊగేవి. ఆ వేళ్ల మధ్యకు రాగానే తెప్ప కిందికి దిగేది. ఎవరూ ఎక్కలేదు, ఏ బరువూ పెట్టలేదు, అయినా దిగేది. నీళ్లు దుంగల మీదికి పాకి వచ్చేవి. కింద ఎవరో తెప్ప అంచు పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టే ఉండేది.

అందుకే వాటా వేసే ఆచారం పెట్టుకున్నారు. వేళ్లు కనపడగానే తెప్ప మీదున్న చేపలో, పీతలో, గుల్లలో కొన్ని మలుపులో పడేసేవాళ్లు. తెప్ప ఆఖర్న ఎక్కినవాళ్లు మొదట వెయ్యాలి. వాటా వెయ్యగానే తెప్ప కాస్త పైకి లేచేది. "తీసుకుంది. కడుపు నిండింది. ఇక వదిలేస్తుంది" అనేవాడు దొంతయ్య.

పోయిన ఏడు కొన్ని కుర్ర ఎలుకలు సొంతంగా తెప్ప కట్టుకున్నాయి. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మా పీతలు మేమే తింటాం" అని నవ్వుకుంటూ వెళ్లాయి. మళ్లీ రాలేదు. తెప్పకు కట్టిన తీగ ముక్కొకటి మాత్రం నీళ్ల మీద తేలుతూ వెనక్కొచ్చింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. ఎప్పుడూ వినిపించే సముద్రం హోరు ఠక్కున ఆగిపోయింది. చెట్ల మీద కొంగలన్నీ ఒక్కసారిగా లేచి గోదారి వైపు వెళ్లిపోయాయి. అన్ని కొంగలు లేచినా ఒక్కటీ అరవలేదు.

బొద్దయ్య ముట్టె ఎత్తి గాలి వాసన చూశాడు. "ఉప్పెన" అన్నాడు.

ఇక పరుగులే. తెప్ప ఒక్కటే ఉంది. తియ్యదిబ్బ ఒక్కటే ఎత్తుగా ఉంది. చెంగలి తన పిల్లల్ని బొరియ గుమ్మంలో కూర్చోబెట్టి, కళ్లు తెరవని ఎలుక పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకొచ్చి తెప్ప మీద పెట్టింది. ముసలి ముంగిసవ్వ నడవలేకపోతే వెనకనుంచి తోసింది. అందరూ ఎక్కాక నలుసునీ చిటికినీ తెచ్చి చివర కూర్చోబెట్టింది. వాళ్లకింకా ఈత రాలేదు. నీటికుక్క పిల్లకైనా తల్లి నేర్పితేనే ఈత వస్తుంది. ఒకర్ని నోట పట్టుకుని ఈదుకుంటూ పోదామంటే రెండోవాళ్లు ఉప్పెన పాలవుతారు.

దొంతయ్య తన దుంగ మీద కూర్చుని తెప్పంతా కలియజూశాడు.

"ఈసారి చేప లేదు, పీత లేదు. గుటక మలుపుకి వాటా ఏం వేస్తాం?"

జంతువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి.

"తెప్ప మీద ఏముంటే అందులోంచే కదా వాటా. ఈసారి ఉన్నవి ప్రాణాలు." దొంతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆఖర్న ఎక్కిందెవరు?"

అందరి చూపులూ తెప్ప చివరికి తిరిగాయి. నలుసు అందరూ తననే చూస్తున్నారని సంబరపడి తోకాడించాడు.

"సరంగు గారూ, ఇదెక్కడి న్యాయమండీ!" అంది చెంగలి. "మీ అందర్నీ ఎక్కించబట్టే కదా నా పిల్లలు ఆఖరయ్యారు!"

"న్యాయం నాది కాదమ్మా, మలుపుది. ఇద్దర్లో ఒకర్ని ఇస్తే చాలు. ఎవర్నన్నది నీ ఇష్టం. మలుపు వచ్చేదాకా ఆలోచించుకో."

బొద్దయ్య తల దించుకున్నాడు. ముంగిసవ్వ నోట్లో ఏదో గొణుక్కుంది. కాదన్నవాళ్లు మాత్రం లేరు. ఒకరి పిల్లలు పోతే మిగతా అందరూ బతుకుతారు. లెక్క అందరికీ అర్థమైంది. సిగ్గు కూడా వేసింది.

తెప్ప కదిలింది. చెంగలి తీగ నోట కరుచుకుని ముందు ఈదుతూ లాగుతోంది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. ఎవర్ని ఇవ్వాలి? చిటికి చిన్నది. నలుసు చలికి తట్టుకోలేడు. ఛీ, ఏం ఆలోచిస్తున్నాను నేను! తీగ మీద పళ్లు బిగిశాయి.

నీళ్ల మీద ఉప్పుపొన్న కాయలు తేలుతున్నాయి. మడ చెట్ల నుంచి రాలేవే. పొడుగ్గా, మునక్కాయల్లా ఉంటాయి. తెప్ప పక్కన అడ్డంగా పడుకుని సముద్రపు పోటుతో పాటు పైకి కొట్టుకుపోతున్నాయి. రోజూ చూసేవే. ఒకటి వచ్చి చెంగలి ముక్కుకు తగిలింది. తల విదిలించి తోసేసింది.

వెనకనుంచి చిటికి అడిగింది. "అమ్మా, ఆ కాయలు ఎక్కడికెళ్తున్నాయి?"

"మనం వెళ్లే చోటికేనే, తల్లీ."

"మరి దిబ్బ దగ్గర ఒక్కటీ ఉండదుగా?"

చెంగలి ఈత ఆగింది.

నిజమే. ఎన్ని కాయలు పైకి పోతాయి! తియ్యదిబ్బ ఒడ్డున మాత్రం ఒక్క కాయ తేలుతూ కనపడదు. గుటక మలుపు దాకా ఉంటాయి. మలుపు దాటాక ఉండవు. మధ్యలో ఏమవుతున్నాయి?

ఇంకో సంగతి కూడా తట్టింది. ఎండాకాలం ఈ పాయలో ఒళ్లు వదిలేసి పడుకుంటే నీళ్లే మోస్తాయి. మలుపు దాటాక కాళ్లాడించకపోతే ముక్కులోకి నీళ్లొస్తాయి. ఇన్నేళ్లూ దాన్ని ఆ వేళ్ల భయం అనుకుంది.

"బొద్దయ్య మామా, ఈ తీగ కాసేపు కొమ్మకు చుట్టి పట్టుకో. నేను ముందుకెళ్లి చూసొస్తా."

"ఒక్కదానివే? అక్కడికా?" బొద్దయ్య కళ్లు పెద్దవయ్యాయి.

"మామా, నా బిడ్డని పడేసే చోటు నేను ముందు చూడాలి కదా."

బొద్దయ్య తీగ అందుకుని కొమ్మకు చుట్టాడు.

గుటక మలుపు దగ్గర మసకచీకటిగా ఉంది. పట్టపగలు అనిపించలేదు. వేళ్లు లేచి ఉన్నాయి. చెంగలి కళ్లు మూసుకోవాలనుకుంది, మూసుకోలేదు. మధ్యలోకి వెళ్లింది. ఒక వేలు చెంపకు రాసుకుంది. చల్లగా, నున్నగా ఉంది. ఇంకోటి వీపు మీద తగిలింది. ఎవరో పలకరిస్తున్నట్టే ఉంది. నలుసు మొహం గుర్తొచ్చింది. నోరు తెరిచి, ఎదురుగా ఉన్న వేలుని కసుక్కున కొరికి లాగింది.

వచ్చేసింది. కింద చెయ్యి లేదు. మనిషి లేడు. ఏమీ లేదు.

ఉప్పుపొన్న కాయ. చిరుచేదు.

చెంగలి దాన్ని నోట పట్టుకుని వెనక్కి, ఉప్పునీళ్లలోకి ఈదింది. వదిలింది. కాయ అడ్డంగా పడుకుంది. మళ్లీ మలుపులోకి తెచ్చి వదిలింది. కాయ మెల్లగా, నిద్రలోంచి లేస్తున్నట్టు, నిలబడింది. దాన్నే మలుపు అవతల మంచినీళ్లలో వదిలింది. నిలబడ్డ కాయ అలాగే నిలువునా కిందికి దిగి, చీకట్లోకి పోయింది.

చెంగలి నీళ్లు రుచి చూసింది. ఇటు కటిక ఉప్పు. ఇక్కడ సగం సగం. అటు తియ్యన.

కాయ మారలేదు. నీళ్లు మారుతున్నాయి. ఉప్పునీళ్లు చిక్కన, అందుకే ఎత్తి పట్టుకుంటాయి. మంచినీళ్లు పల్చన, మొయ్యలేక వదిలేస్తాయి. తెప్పను ఎవరూ లాగట్లేదు. కింద ఎవరూ లేరు.

ఎవరూ లేరని తెలిశాక ఆ చోటు ఇంకా భయంగా అనిపించింది. దయ్యమైతే బతిమాలుకోవచ్చు. నీళ్లకేం చెబుతాం?

గిర్రున తిరిగి తెప్ప దగ్గరకొచ్చింది.

"మలుపులో ఎవరూ లేరు! అవి వేళ్లు కాదు, మన ఉప్పుపొన్న కాయలే!"

"ఎలుకలు కూడా ఇదే కూశాయి" అన్నాడు దొంతయ్య. "ఎక్కడున్నాయిప్పుడు?"

"వాళ్లకి దయ్యం లేదన్నదొక్కటే తెలుసు, సరంగు గారూ. మరి తెప్ప ఎందుకు దిగుతుందో అడగలేదు. తెప్ప దిగడం నిజమే. చిక్కటి నీళ్లు మోసినంత బరువు పల్చటి నీళ్లు మొయ్యవు. వాటా పడేస్తే తెప్ప లేచేది బరువు తగ్గి, ఎవరి కడుపో నిండి కాదు."

"అయితే బరువు తగ్గించాల్సిందేగా? నీ పిల్లని పడేస్తే తగ్గుతుందిగా?"

"నా నలుసంత నలుసుతో ఎంత తగ్గుతుందండీ? ఈత వచ్చినవాళ్లు నీళ్లలోకి దిగండి. తెప్ప అంచు పట్టుకుని ఈదండి. మలుపు దాటాక దిబ్బ ఎంతో దూరం లేదు. పిల్లలూ ముసలివాళ్లూ మాత్రమే పైన ఉంటే తెప్ప దిగదు."

బావురుపిల్లి నీళ్ల వైపు చూసి గుటక మింగింది. రోజూ నీళ్లలో చేపలు పట్టే పిల్లి. "అక్కా, ఇంకెక్కడైనా దిగుతాను గానీ... ఆ వేళ్ల మధ్యలోనా?"

ఈలోగా కొమ్మకు చుట్టిన తీగ జారిపోయి, పోటుకు తెప్ప మలుపులోకి వచ్చేసింది. చెంగలి ఒక కాయ తెచ్చి అందరి కళ్ల ముందు వెనకవైపు నీళ్లలో వదిలింది. పడుకుంది. ముందువైపు వదిలింది. లేచి నిలబడింది. చుట్టూ వేళ్లు ఊగుతున్నాయి. దుంగల మధ్య నుంచి నీళ్లు పైకి పాకాయి. ఎలుక పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కడం మొదలుపెట్టాయి.

"చాల్లే నీ గారడీ!" దొంతయ్య ఒక్క దూకు దూకి నలుసు మెడ పట్టుకున్నాడు.

"అమ్మా!" అన్నాడు నలుసు. అరవను కూడా లేదు, మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

ముంగిసవ్వకి ఏమొచ్చిందో ఏమో, ముందుకు పాకి నక్క వెనక కాలు కసుక్కున కొరికింది. దొంతయ్య కుయ్యోమన్నాడు. నలుసు ఎలుక పిల్లల మధ్యలో పడ్డాడు.

"నా పళ్లూడిపోతే పోనీ" అంది ముంగిసవ్వ. "నన్ను వెనకనుంచి తోసి ఎక్కించింది ఆ తల్లిరా, సన్నాసీ!"

బొద్దయ్య లేచాడు. నీళ్ల వైపు చూశాడు, వేళ్ల వైపు చూశాడు.

"చెంగలమ్మా, నిజం చెప్పు. కింద ఎవరూ లేరుగా?"

"లేరు మామా."

"ఉంటే మాత్రం నీ మీద అలుగుతాను. ఆయ్!" అని కళ్లు మూసుకుని దభీమని దూకాడు.

తెప్ప ఒక్కసారిగా పైకి లేచింది. దుంగల మీది నీళ్లు జరజరా కిందికి జారిపోయాయి. బొద్దయ్య వేళ్ల మధ్యలో తల పైకెత్తి, ఒక్కొక్కటే ముట్టెతో తోసి చూస్తున్నాడు. ఒకటి కొరికాడు. నమిలాడు. "చేదుగా ఉందే" అన్నాడు.

అది విని బావురుపిల్లి దిగింది. ఉడుము దిగింది. తెప్ప ఇంకా లేచింది.

దొంతయ్య మాత్రం దిగలేదు. తెప్ప లేచేకొద్దీ అతని మొహం పాలిపోయింది. "వాటా ఎగ్గొట్టారు. ఇప్పుడది సరంగుని అడుగుతుంది. నన్నే అడుగుతుంది" అని తనలో తనే అనుకుంటున్నాడు.

"దిగండి సరంగు గారూ, ఈదొచ్చు! మీకు ఈత వచ్చుగా!" అని అరిచింది చెంగలి.

"మీ చావు మీరు చావండి! నాకు నా కర్ర ఉంది!" దొంతయ్య తన ఎర్ర దుంగను దొర్లించుకుంటూ అంచుకు తెచ్చాడు. "కర్ర ఎక్కడైనా మునుగుతుందా? ఇంత గట్టి కర్ర!"

"ఆగండి! దాన్నెప్పుడైనా నీళ్లలో వేసి చూశారా? చిన్న ముక్క విరిచి..."

దొంతయ్య వినలేదు. దుంగను వాటేసుకుని దూకాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. నీళ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వేళ్లు కాసేపు ఊగాయి. ఆగాయి.

చెంగలి మునిగింది. కింద పచ్చటి చీకటి. అందులో దొంతయ్య కనిపించాడు. రాయిలా దిగిపోతున్న దుంగను రెండు చేతులతో కౌగిలించుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో భయం కూడా లేదు. ఇప్పుడు తేలుతుంది, ఇదిగో ఇప్పుడు తేలుతుంది అని ఎదురుచూస్తున్నట్టున్నాడు. చేతులు వదిలితే తనే పైకొచ్చేవాడు. చెంగలి అతని తోక పట్టుకుని లాగింది. అతను దుంగనే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి అందక చెంగలి వదిలేసి పైకి రావాల్సి వచ్చింది.

చెంగలి తీగ నోట కరుచుకుంది. అంచులు పట్టుకున్నవాళ్లు తోశారు. మలుపు వెనకబడింది.

వాళ్లు దిబ్బ ఎక్కిన కాసేపటికి ఉప్పెన వచ్చింది. మూగపాయ అడవి మొదటిసారి నోరు విప్పి అరిచినట్టుంది ఆ హోరు. దిబ్బ మీద చెట్ల మొదళ్లు పట్టుకుని అందరూ ఒకరి ఒంట్లో ఒకరు దూరి పడుకున్నారు. చెంగలి పొట్ట కింద ఒకపక్క నలుసు, ఒకపక్క చిటికి. ఇద్దరూ ఉన్నారో లేదో పదేపదే ముక్కుతో తడిమి చూసుకుంది.

ఉప్పెన తీశాక, నీళ్లన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాక, మళ్లీ తెప్ప కట్టారు. ఇల్లు చేరాలిగా. ఈసారి చెంగలినే సరంగుగా ఉండమన్నారు. ఆమె పైన కూర్చోలేదు, ముందు ఈదుతూనే లాగింది. తెప్ప మీద బరువు మాత్రం తనే చూసి ఎక్కించింది. నలుసూ చిటికీ ఆ దిబ్బ దగ్గరే ఈత నేర్చుకున్నారు, తల్లికి చెరోపక్కా బుడుంగు బుడుంగుమంటూ వచ్చారు.

తెప్ప మీద జంతువులు గుటక మలుపు దగ్గరపడగానే మాట్లాడటం మానేశాయి. వేళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. ఉప్పుపొన్న కాయలే అని అందరికీ తెలుసు. అయినా ఎవరూ వాటిని తాకలేదు.

తెప్ప వాటి మధ్యనుంచి వచ్చి ఉప్పునీళ్లలోకి దాటింది. అప్పుడు, ఎవరూ దిగకుండానే, ఏమీ పడేయకుండానే, తెప్ప మెల్లగా పైకి లేచింది.

బొద్దయ్య తెప్ప ముందంచుకొచ్చి, చెంగలి వైపు వంగి రహస్యంగా అన్నాడు. "అమ్మాయీ, ఎవరో కిందనుంచి ఎత్తుతున్నట్టుందే."

"ఎవరూ లేరు మామా" అంది చెంగలి. "ఉప్పు."

నీతి: ఎందుకో తెలుసుకోకుండా భయపడేవాణ్ణీ, ఎందుకో తెలుసుకోకుండా ధీమాగా ఉండేవాణ్ణీ నీళ్లు ఒక్కలాగే ముంచుతాయి, వేసి చూసి తెలుసుకున్నవాణ్ణి అవే నీళ్లు మోస్తాయి.